మసాలా లేని ఇటలీ సూప్: వరంగల్ కూరగాయలతో మినెస్ట్రోనే ఎలా చేయాలి

చలి మొదలై మార్కెట్లో చిక్కుడుకాయ, క్యాబేజీ, క్యారెట్ చవకబడ్డాయంటే ఈ ప్రశ్న మళ్ళీ వస్తుంది: "మినెస్ట్రోనే చేశాను, చెప్పినవన్నీ వేశాను, తీరా తింటే సాంబారు రుచి వచ్చింది. ఎక్కడ తప్పింది?" ఇంకొందరి ఫిర్యాదు దీనికి తిరగేసినది: "చప్పగా ఉంది. కూరగాయలు ఒకవైపు, నీళ్ళు ఒకవైపు."

రెండిటికీ కారణం దాదాపు ఒకటే. మన చేయి పోపుకూ కారానికీ అలవాటు పడింది. రుచంటే అక్కడి నుంచే రావాలని నమ్ముతుంది. ఈ సూప్‌లో రుచి ఉల్లిపాయ, క్యారెట్ సన్న సెగ మీద మగ్గడంలో పుడుతుంది. చిక్కదనం ఉడికిన గింజలు ఇస్తాయి. ఆ రెండూ కుదిరాయా, కార్న్‌ఫ్లోర్ డబ్బా తీయనక్కర్లేదు, మసాలా డబ్బా అసలే తీయనక్కర్లేదు.

ఇటలీలో కూడా దీనికి ఒకటే పద్ధతి అంటూ లేదు. మిలాన్ వైపు పాస్తాకు బదులు బియ్యం వేస్తారు. జెనోవా వైపు చివర్లో బేసిల్ ఆకు, వెల్లుల్లి నూరిన పెస్టో కలుపుతారు. ఆ కాలంలో ఏ కూరగాయ దొరికితే అది గిన్నెలోకి పోతుంది. కాబట్టి జుకిని దొరకలేదని వెనుకాడకండి, లేత సొరకాయ ఆ పని చక్కగా చేస్తుంది.

కావలసినవి (నలుగురికి, పూట భోజనంగా)

- రాజ్మా లేదా అలసందలు (బొబ్బర్లు): 150 గ్రాములు
- ఉల్లిపాయలు: మధ్యరకం 2
- క్యారెట్లు: 2
- కొత్తిమీర కాడలు: గుప్పెడు, ఆకులు తీసేసినవి
- వెల్లుల్లి: 4 రెబ్బలు
- బాగా పండిన టమాటాలు: 300 గ్రాములు
- బంగాళాదుంప: 1
- గింజ పట్టని బీన్స్ లేదా లేత చిక్కుడుకాయలు: 100 గ్రాములు
- లేత సొరకాయ ముక్క: 150 గ్రాములు
- క్యాబేజీ: చిన్నదానిలో పావు వంతు
- పాలకూర: 1 కట్ట
- చిన్న మాకరోనీ: 80 గ్రాములు
- నూనె: 3 పెద్ద చెంచాలు
- ఉప్పు, మిరియాల పొడి
- మరువం: ఒక రెమ్మ (ఉంటే)

కొన్నిటి గురించి కాస్త వివరంగా చెప్పాలి.

గింజలు. రాజ్మా వేస్తే సూప్ చిక్కగా, బరువుగా వస్తుంది. బొబ్బర్లు వేస్తే తేలిగ్గా ఉంటుంది, పనీ త్వరగా అవుతుంది. బొబ్బర్లు వేస్తే ఇది అసలు సిసలు ఇటలీ వంట కాదేమోనన్న అనుమానం వద్దు. రాజ్మా జాతి గింజలు అమెరికా ఖండం నుంచి 16వ శతాబ్దంలో ఐరోపా చేరాయి. అంతకు ముందు ఇటలీవాళ్ళు తిన్న గింజల్లో బొబ్బర్ల జాతి కూడా ఒకటి. సంక్రాంతి ముందు పచ్చి చిక్కుడు గింజలు ఒలిచి అమ్ముతారు కదా, అవి దొరికితే ఇంకా మంచిది. నానబెట్టే పని కూడా తప్పుతుంది.

సెలెరీ. ఇటలీవాళ్ళు ఉల్లి, క్యారెట్‌తో పాటు తప్పకుండా వేసే కాడ ఇది. దీని కోసం వరంగల్ లక్ష్మీపురం మార్కెట్, హనుమకొండ కుమార్‌పల్లి మార్కెట్ తిరుగుతూ పొద్దు గడపకండి. దొరికితే సరే, లేకపోతే కొత్తిమీర కాడలు సన్నగా తరిగి వేయండి. కాడలు మాత్రమే. ఆకు వేస్తే రుచి మళ్ళీ మన కూర వైపు లాగుతుంది. కొందరు వామాకు వేయమంటారు. దాని ఘాటు గిన్నెనంతా ఆక్రమిస్తుంది, వద్దు.

ఆకుల సువాసన. బేసిల్ బదులు తులసి వేయవచ్చా అని తరచుగా అడుగుతారు. వేయకండి. పూజ సంగతి పక్కన పెట్టినా, తులసిలో లవంగం వాసన ఉంటుంది, అది ఈ సూప్‌కు పడదు. మీ దగ్గర నానబెట్టుకుని తాగే సబ్జా గింజలు ఉన్నాయా? అవి బేసిల్ జాతివే. ఒక చెంచాడు కుండీలో చల్లి పైన పలచగా మట్టి కప్పితే మొలుస్తాయి, ఆ ఆకు వాడుకోవచ్చు. అంతకంటే సులువైనది మరువం. పూలమాలల్లో కట్టే ఈ మరువాన్నే ఇటలీవాళ్ళు వంటలో వాడతారు, ఒరెగానోకు దగ్గరి చుట్టం. అయితే పూల కొట్టులో కొన్న మరువం మాత్రం గిన్నెలో వేయకండి. అది తినడానికని పెంచింది కాదు, ఏ మందు కొట్టారో చెప్పలేం. పెరట్లోదో కుండీలోదో అయితేనే వేయండి.

నూనె. ఆలివ్ నూనె ఉంటే బాగుంటుంది, కానీ మగ్గించడానికి పల్లీ నూనె సరిపోతుంది. ఆలివ్ నూనె కొద్దిగా ఉంటే దాన్ని మంట మీద ఖర్చు చేయకుండా చివర్లో గిన్నెలో ఒక చెంచా వేసుకోండి, వాసన నిలుస్తుంది. మందుల షాపులో చిన్న సీసాల్లో అమ్మే ఆలివ్ నూనె ఒంటికి రాసుకునేది కావచ్చు. వంటకు పనికొస్తుందని సీసా మీద రాసి ఉంటేనే వాడండి.

జున్ను (చీజ్). ఇటలీలో పార్మెజాన్ అనే గట్టి చీజ్ పైచెక్కును సూప్‌లో వేసి ఉడికిస్తారు, పైన తురుము చల్లుతారు. శాకాహారులు తెలుసుకోవలసిన సంగతి: పాలు విరగడానికి అందులో దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్ వాడతారు. ఇక్కడ దొరికే చీజ్ క్యూబులు వాడతామంటే ఉడికే సూప్‌లో వేయకండి, ముద్ద కట్టి గరిటెకు అంటుకుంటాయి. వడ్డించాక పైన తురుముకోండి. లేకపోయినా లోటేమీ లేదు.

వేయకూడనివి: బెండకాయ (జిగురు), బీట్‌రూట్ (అంతా దాని రంగే), ముల్లంగి (వాసన), కాకర. గోంగూర, చింతచిగురు లాంటి పుల్లటి ఆకులు వేస్తే అది పులుసే. బిర్యానీ ఆకు కూడా వద్దు. ఇటలీవాళ్ళు వేసే ఆకు వేరే చెట్టుది, మన దానికి దాల్చినచెక్క వాసన ఉంటుంది. ఇక పసుపు. నిజామాబాద్ పసుపు ఎంత మేలైనదైనా ఈ ఒక్క పూటకు దాన్ని డబ్బాలోనే ఉండనివ్వండి.

తయారుచేసే విధానం

1. ముందు రోజు రాత్రి రాజ్మాను కడిగి, మూడింతల నీళ్ళు పోసి, ఒక చెంచా ఉప్పు వేసి నానబెట్టండి. ఉప్పు వేస్తే పైతొక్క మెత్తబడి ఉడికేటప్పుడు పగలదు. బొబ్బర్లకైతే నాలుగు గంటలు చాలు. పొద్దున ఆ నీళ్ళు పారబోసి మళ్ళీ కడగండి.

2. గింజలను విడిగా కుక్కర్లో ఉడికించండి. గింజలకు రెండంగుళాల పైకి వచ్చేలా కొత్త నీళ్ళు పోసి, ఒక కూత వచ్చాక మంట తగ్గించండి. రాజ్మాకు 15 నిమిషాలు, బొబ్బర్లకు 6 నిమిషాలు. ఆవిరి దానంతట అదే పోనివ్వండి.

జాగ్రత్త: సరిగా ఉడకని రాజ్మా కడుపుకు ప్రమాదం. అందులో సహజంగా ఉండే ఫైటోహీమాగ్లుటినిన్ అనే పదార్థం వాంతులు, విరేచనాలు తెప్పిస్తుంది. కుక్కర్ లేకపోతే కొత్త నీళ్ళలో కనీసం 10 నిమిషాలు కళపెళ మరిగించి, ఆ తర్వాతే మంట తగ్గించి మెత్తబడేదాకా ఉంచాలి. మరగనివ్వకుండా సన్న సెగ మీద గంటలకొద్దీ పెడితే ఆ విషం పోదు.

ఉడికిందో లేదో ఎలా తెలుస్తుంది? ఒక్క గింజ నొక్కి చూసి తృప్తి పడకండి. గిన్నెలో వేర్వేరు చోట్ల నుంచి ఐదు గింజలు తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కండి. ఐదూ వెన్నముద్దల్లా నలగాలి. ఒక్కటి గట్టిగా తగిలినా మళ్ళీ కుక్కర్ పెట్టండి. ఉడికిన నీళ్ళు పారబోయకండి, సూప్‌కు సగం బలం అందులోనే ఉంది.

ఎంత ఉడికించినా మెత్తబడడం లేదంటే రెండు కారణాలు ఉండవచ్చు: గింజలు పాతవి, లేదా మీవి ఉప్పటి బోరు నీళ్ళు. సున్నం ఎక్కువున్న నీళ్ళలో గింజ మెత్తబడదు. తాగే నీళ్ళు పోసి చూడండి, లేదా చిటికెడు వంటసోడా వేయండి. చిటికెడు మించితే సబ్బు రుచి వస్తుంది. టమాటా మాత్రం ఈ దశలో వేయకూడదు. చింతపండు ముందే వేస్తే కందిపప్పు ఉడకదని మన ఇళ్ళలో అందరికీ తెలుసు, ఇక్కడా అదే సూత్రం.

3. కూరగాయలు తరిగి మూడు పళ్ళాల్లో సర్దండి. మొదటి పళ్ళెంలో ఉల్లి, క్యారెట్, కొత్తిమీర కాడలు, వెల్లుల్లి. ఇవి బాగా సన్నగా, శనగగింజ అంత ఉండాలి. రెండో పళ్ళెంలో బంగాళాదుంప, బీన్స్, క్యాబేజీ. మూడో పళ్ళెంలో సొరకాయ, పాలకూర. రెండు, మూడు పళ్ళాల్లోవి అర అంగుళం ముక్కలు. ఒక చెంచాలో మూడు నాలుగు రకాల ముక్కలు పట్టాలి, అదే కొలత. సాంబారు ముక్కలు కోసినట్టు పెద్దగా కోస్తే రుచులు కలవవు.

4. అసలు పని ఇక్కడ. అడుగు మందమున్న వెడల్పాటి గిన్నెలో నూనె పోసి, అది కాగకముందే, గోరువెచ్చగా ఉండగానే ఉల్లి, క్యారెట్, కాడలు వేయండి. అర చెంచా ఉప్పు చల్లండి. మంట బాగా తగ్గించి, మూత సగం పెట్టి, 15 నిమిషాలు మగ్గనివ్వండి. రెండు మూడు నిమిషాలకోసారి కలపండి.

వేయగానే చుయ్‌మని శబ్దం వస్తే నూనె ఎక్కువ కాగినట్టు. గిన్నె దించి కాసేపు ఆగండి. శబ్దం వినీ వినపడనట్టు ఉండాలి. మొదటి ఐదు నిమిషాలు ఉల్లి నీరు వదులుతుంది, ఘాటు కళ్ళకు తగులుతుంది. పది నిమిషాలకు ఘాటు పోయి తియ్యటి వాసన మొదలవుతుంది. నూనె క్యారెట్ రంగు పట్టి నారింజరంగులోకి మారుతుంది. అప్పుడు ఒక ఉల్లి ముక్కను గరిటెతో గిన్నె అంచుకు ఆనించి నొక్కండి. అడ్డు చెప్పకుండా నలిగితే అయినట్టే. అంచులు ఎర్రబడకూడదు. బిర్యానీకి వేయించినట్టు వేయిస్తే రుచి పూర్తిగా వేరే దారి పడుతుంది.

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. అల్లంవెల్లుల్లి ముద్ద వేస్తారు, ఆవాలు జీలకర్ర చిటపటలాడిస్తారు, కరివేపాకు తుంచి వేస్తారు. అవి పడ్డాక ఏం చేసినా అది సాంబారే. లేదా తొందరలో మంట పెంచి నాలుగు నిమిషాల్లో ముగిస్తారు, దాంతో సూప్ చప్పబడుతుంది. తీరిక లేని రోజు క్యాబేజీ మానేయండి, బంగాళాదుంప మానేయండి, ఈ 15 నిమిషాలు మాత్రం తగ్గించకండి.

వెల్లుల్లి చివరి నిమిషంలో వేయండి. ముందే వేస్తే మాడుతుంది. ఆ చేదు ఇక పోదు.

5. టమాటాలను అడ్డంగా సగానికి కోసి తురుముపీట మీద రుద్దండి. గుజ్జు గిన్నెలోకి దిగుతుంది, తొక్క చేతిలో మిగులుతుంది. దాన్ని మగ్గిన ఉల్లిలో వేసి, మంట కొద్దిగా పెంచి, 8 నుంచి 10 నిమిషాలు దగ్గరపడనివ్వండి. పచ్చివాసన పోయి, నూనె అంచుల్లో తేలాలి. సీసాలో దొరికే టమాటా సాస్ ప్రత్యామ్నాయం కాదు, అందులో చక్కెర, వెనిగర్ ఉంటాయి.

ఎర్రటి రంగు కావాలనుకునేవారు ఈ దశలో పావు చెంచా వరంగల్ చపాటా మిర్చి పొడి వేసుకోవచ్చు. 2025లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు పొందిన ఈ మిరపలో రంగు ఎక్కువ, కారం తక్కువ. నేను మసాలాకు ఇచ్చే మినహాయింపు ఇదొక్కటే. అది కూడా పావు చెంచా దాటకూడదు.

6. రెండో పళ్ళెంలోని కూరగాయలు వేసి రెండు నిమిషాలు కలిపి, గింజలు ఉడికిన నీళ్ళు, దానికి తోడు వేడినీళ్ళు పోయండి. మొత్తం లీటరు పావు ఉండాలి. చన్నీళ్ళు పోస్తే ఉడుకు ఆగిపోతుంది. ఒక పొంగు వచ్చాక మంట తగ్గించి 15 నిమిషాలు ఉంచండి.

7. ఈలోగా ఉడికిన గింజల్లో మూడో వంతు తీసి పప్పుగుత్తితో మెత్తగా మెదపండి. మిగతావి అలాగే ఉంచండి. మెదిపినవీ విడివీ కలిపి గిన్నెలో వేసి, సొరకాయ ముక్కలు కూడా వేయండి. మరో 10 నిమిషాలు. మెదిపిన గింజలు అడుగంటుతాయి కాబట్టి ఇక్కడి నుంచి గరిటె అడుగుదాకా పోనిచ్చి కలుపుతుండాలి. ఉప్పు చూసి ఇంకో చెంచా దాకా వేయండి.

8. మాకరోనీని వేరే గిన్నెలో ఉప్పు నీళ్ళలో ఉడికించి, కాస్త పలుకు ఉండగానే వార్చండి. సూప్‌లోనే నేరుగా ఉడికించవచ్చు కదా అంటే, ఆ పూట మొత్తం తినేసేట్టయితే ఉడికించండి. మిగులుతుందనుకుంటే వద్దు. మాకరోనీ నీరంతా పీల్చి ఉబ్బిపోతుంది, మరుసటి పూటకు సూప్ మిగలదు, పిండి ముద్ద మిగులుతుంది. విడిగా ఉంచుకుని, తినే ముందు కప్పులో వేసుకుని పైన సూప్ పోసుకోవడం మేలు.

మాకరోనీ బదులు గుప్పెడు బియ్యం వేస్తామంటే సొరకాయతో పాటు వేసి, ఉడికేదాకా చూడండి. టస్కనీలో ఫార్రో అనే పాతకాలపు గోధుమ జాతి గింజతో ఇలాంటి సూప్ చేస్తారు. దానికి మన దగ్గర దీటైనవి జొన్నలు. రాత్రంతా నానబెట్టి, విడిగా కుక్కర్లో అరగంట ఉడికించి కలపండి. నమిలితే పలుకు తగులుతూ, కడుపు నిండా ఉంటుంది. నా వరకు మాకరోనీ కంటే జొన్నలతోనే ఈ సూప్ బాగుంటుంది. పిల్లలు మాత్రం ఒప్పుకోరు.

9. చివర్లో పాలకూర తరుగు వేసి మూత పెట్టకుండా మూడు నిమిషాలు ఉంచి దించండి. మూత పెడితే ఆకు రంగు మాడినట్టు అవుతుంది. మిరియాల పొడి, మరువం ఆకులు దించాకే వేయండి. 15 నిమిషాలు కదపకుండా ఉంచి, ఆ తర్వాత వడ్డించండి. పొయ్యి మీద నుంచి నేరుగా కప్పులోకి పోస్తే నాలుక కాలడం తప్ప రుచి తెలియదు.

పెస్టో కావాలనుకునేవారు గుప్పెడు సబ్జా మొక్క ఆకు, ఒక వెల్లుల్లి రెబ్బ, వేయించి పొట్టు తీసిన పల్లీలు రెండు చెంచాలు, ఉప్పు, నూనె కలిపి రోట్లో నూరుకోండి. దీన్ని ఉడికించకూడదు. కప్పులో అర చెంచా వేసి కలుపుకోండి.

సరిగా వచ్చిందో లేదో చూసుకోవడం

ఒక గరిటెడు సూప్ పళ్ళెంలో పోసి, పళ్ళాన్ని కొద్దిగా వంచండి. నీళ్ళు విడిపోయి ముందుకు పారితే ఇంకా కాలేదు. ఇంకో చారెడు గింజలు మెదిపి వేసి ఐదు నిమిషాలు ఉడికించండి. అంతా కలిసి మెల్లగా జారితే సరిగా వచ్చినట్టు. అసలు కదలకపోతే మరీ చిక్కబడింది, వేడినీళ్ళు పోయండి.

చప్పగా ఉందా? ముందు ఉప్పు పావు చెంచా చొప్పున వేస్తూ రుచి చూడండి. చాలాసార్లు కావలసింది అదే. అప్పటికీ ఏదో తక్కువైనట్టుంటే నాలుగు చుక్కల నిమ్మరసం. మసాలా వైపు చేయి పోనివ్వకండి.

పుల్లగా ఉందంటే టమాటా సరిగా మగ్గలేదు, లేదా నాటు టమాటాలు ఎక్కువ పడ్డాయి. చక్కెర వేయకుండా, ఒక క్యారెట్ తురిమి వేసి పది నిమిషాలు ఉడికించండి. ఉప్పు ఎక్కువైతే ఉప్పు లేకుండా ఉడికించిన గింజలో, బంగాళాదుంప ముక్కలో వేసి నీళ్ళు పెంచడమే మార్గం. ఉత్త బంగాళాదుంప వేసి తీసేస్తే ఉప్పు లాగేస్తుందంటారు, అంత నమ్మకండి.

ముక్కలన్నీ కరిగి ముద్దయిందా? అంతా ఒకేసారి కుక్కర్లో పడేసి ఉంటారు. కుక్కర్ గింజలకు, జొన్నలకు మాత్రమే. సొరకాయ, క్యాబేజీ దాని వేడికి నిలవవు.

మిగిలితే

మర్నాటికి ఈ సూప్ రుచి పెరుగుతుంది, అందుకే కొందరు కావాలనే ఎక్కువ చేస్తారు. కానీ సద్ది అన్నంలా రాత్రంతా వంటింట్లో వదిలేయకండి. ఉడికిన గింజలు త్వరగా పులుస్తాయి, మార్చి దాటాక మన ఎండలకు మరీ త్వరగా. వెడల్పాటి గిన్నెలోకి తీసి, ఆ గిన్నెను నీళ్ళ పళ్ళెంలో ఉంచి చల్లార్చి, రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టండి. మూడు రోజుల్లో తినేయండి. మొత్తం వేడి చేయకుండా ఆ పూటకు కావలసినంత తీసుకుని, అరగ్లాసు నీళ్ళు పోసి పూర్తిగా మరిగేదాకా కాచండి. నురగ, పుల్లటి వాసన కనిపిస్తే రుచి చూసే ప్రయత్నం చేయకుండా పారబోయండి.

టస్కనీలో మిగిలిన సూప్‌లో ఎండిన రొట్టె వేసి మళ్ళీ కాచుకుంటారు. మన ఇంట్లో గట్టిపడిన జొన్నరొట్టె ఉంటే తుంచి కప్పులో వేసి, పైన మరిగే సూప్ పోసి ఐదు నిమిషాలు మూత పెట్టండి. గిన్నెలో వేసి ఉడికించకండి, జొన్నపిండి విడిపోయి అంబలి అవుతుంది.